ఊరూరి సంగతులు కట్టగట్టిన మెకంజీ దొర, కావలి అన్నదమ్ములు

మన సమాఖ్య సంచికల్లో దేవల మహర్షి గురించి, భావనా ఋషి గురించి, ప్రగడ కోటయ్య గారి గురించి ప్రతిసారీ వస్తూనే ఉంటాయి. రావాల్సిందే. ఈసారి మేము ఒక తెల్లదొర గురించి రాస్తున్నాము. నేతగాళ్ళ సంచికలో కంపెనీ దొర కథ ఎందుకని పెద్దలు అడగవచ్చు. మన పొట్ట కొట్టిందే ఆ కంపెనీ కదా అనవచ్చు. నిజమే. ఇంజరంలో, నరసాపురం పక్క మాధవాయపాలెంలో గుడ్డల కొట్లు పెట్టి, బయానాలు ఇచ్చి, మనవాళ్ళ చేతులు కట్టేసింది ఆ కంపెనీయే. మాధవాయపాలెం పేరు వాళ్ళ నోట మదపోలం అయి ఒక రకం గుడ్డకే పేరైపోయింది. యానాం వాళ్ళకి ఇంజరం సంగతి మేము చెప్పనక్కరలేదు, పక్కూరే. అయినా ఈ దొర కథ మనకు కావాలి. ఎందుకు కావాలో చదివితే తెలుస్తుంది.

ఆయన పేరు కర్నల్ కాలిన్ మెకంజీ. పుట్టింది 1754లో, స్కాట్లండు దేశానికి పడమర సముద్రంలో ఉన్న లూయిస్ అనే దీవిలో, స్టోర్నొవే అనే రేవు ఊళ్ళో. తండ్రి మర్డోక్ మెకంజీ ఆ ఊళ్ళో వ్యాపారి, తపాలా ఉద్యోగం కూడా ఆయనదే. గాలి, వాన, గొర్రెలు, చేపలు, బీడు నేల తప్ప అక్కడ పెద్ద ఆస్తి ఏమీ లేదు. అక్కడి జనం మాట ఇంగ్లీషు కాదు, గేలిక్. రాజభాష ఒకటి, ఇంటి భాష ఒకటి. ఈ సంగతి మనకు వేరే వివరించనక్కరలేదు. సేలంలోనో దొడ్డబళ్ళాపురంలోనో షోలాపురంలోనో బరంపురంలోనో ఉన్న మన ఇళ్ళల్లో కూడా అంతే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ దీవులు ఈరోజు లోకమంతా పేరు మోసింది నేతతోనే. హారిస్ ట్వీడ్ అనే ఉన్ని గుడ్డ అక్కడిదే. ఆ దీవుల్లో ఉండే నేతగాడు, తన ఇంటి దగ్గర, కరెంటు లేకుండా కాలితో తొక్కే మగ్గం మీద నేస్తేనే ఆ పేరు పెట్టాలని 1993లో అక్కడి పార్లమెంటులో చట్టమే చేసినారు. గుడ్డ మీద గోళం గుర్తు ముద్ర పడాలి. మనకూ 1985 చట్టం ఉంది, ఈ ఈ రకాలు చేనేతకే అని. ఆ చట్టం అమలు ఎట్లా ఉందో పవర్‌లూమ్ చీరకు చేనేత బిళ్ళ కట్టి అమ్మే బజారులో అందరూ చూస్తున్నదే. సరే, కథకు వస్తాము.

మెకంజీ మొదట సొంత ఊళ్ళోనే సుంకాల ఆఫీసులో ఉద్యోగం చేసినాడు. లెక్కలంటే ఇష్టం. జమా ఖర్చుల లెక్కలు కాదు, శాస్త్రం లెక్కలు. నేపియర్ ప్రభువు అనే ఆయన, లాగరిథమ్ లెక్కలు కనిపెట్టిన తన పూర్వీకుడి చరిత్ర రాయాలనుకుని, హిందువులకు ఈ లెక్కలు ఎంత తెలుసో సంగతులు పోగు చేసే పని ఈ కుర్రవాడికి అప్పజెప్పినాడు. ఆ ప్రభువు చనిపోయినాడు గాని మెకంజీకి హిందూదేశం మీద మనసు పడిపోయింది. వాళ్ళ వంశానికి పెద్ద తలకాయ అయిన సీఫోర్త్ ప్రభువు సిఫారసు చేస్తే కంపెనీ సైన్యంలో చోటు దొరికింది. 1783లో చెన్నపట్నంలో ఓడ దిగినాడు. వయసు ముప్పై దగ్గర పడింది, సైన్యంలో చేరే వయసు దాటిపోయినట్టే. ఆ నేపియర్ ప్రభువు కూతురు మధురలో కాపురం ఉండేది. అక్కడికి పోయి పండితులతో మాట్లాడినాడు. ఊరూరా రాతలు, రాళ్ళు వెతకాలనే ఆశ అప్పుడే పుట్టింది. ఆశ తీర్చుకోవడానికి తీరిక దొరకలేదు, పదమూడేళ్ళు యుద్ధాలతోనే సరిపోయింది.

1790 నించి 1792 దాకా టిప్పు సుల్తాను మీద దండయాత్ర. 1793లో పుదుచ్చేరి ముట్టడి. 1795లో సింహళం. మళ్ళీ 1799లో శ్రీరంగపట్నం. కోటను ముట్టడించిన సైన్యంలో ఆయన ఇంజనీరు. ఫిరంగులు ఎక్కడ పెట్టాలి, దారి ఎట్లా వెయ్యాలి, ఏరు ఎక్కడ దాటాలి, ఇదంతా ఆ ఉద్యోగం. మే 4న కోట పడింది, సుల్తాను చనిపోయినాడు. ఈ యుద్ధాల్లో కంపెనీ పక్కన పోరాడినవాళ్ళు అంతా తెల్లవాళ్ళు అనుకోకూడదు. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళంటే, ఉత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అని పిలిచేవాళ్ళు. ఎదుటి పక్కన టిప్పు సైన్యంలో కూడా మన దేశం వాళ్ళే. అటు చచ్చినవాళ్ళకూ, ఇటు చచ్చినవాళ్ళకూ పేర్లు ఎక్కడా లేవు. జనరళ్ళ పేర్లు ఉన్నాయి.

ఆ లూయిస్ దీవి వాళ్ళకు కూడా ఈ బాధ తెలుసు. బతుకుతెరువు లేక తరాలుగా సైన్యానికీ, ఓడలకూ మగపిల్లలను పంపినవాళ్ళు. మొదటి మహాయుద్ధం ముగిసి నావికులు ఇంటికి వస్తుంటే 1919 జనవరి 1న, తెల్లారకముందే, స్టోర్నొవే రేవు కనబడే దూరంలో ఐయోలెయిర్ అనే ఓడ రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయింది. 200 మందికి పైగా పోయినారు. నాలుగేళ్ళు యుద్ధంలో బతికి, ఇంటి గుమ్మం ముందు పోవడం. ఆ దీవిలో ఆ సంగతి చాలా ఏళ్ళు ఎవరూ నోరెత్తి మాట్లాడలేదంటారు.

మెకంజీ కథలో అసలు మలుపు యుద్ధం కాదు. 1796లో సింహళం నించి వచ్చినాక ఒక తెలుగు కుర్రవాడు ఆయన దగ్గర కుదిరినాడు. ఏలూరు నియోగి బ్రాహ్మణుల పిల్లవాడు, పేరు కావలి వెంకట బొర్రయ్య. అప్పుడు ఇరవై ఏళ్ళ ప్రాయం. తెలుగు, సంస్కృతం, తమిళం, హిందూస్తానీ, ఇంగ్లీషు తెలుసు. మనుషులతో మాట్లాడి పని చేయించుకునే నేర్పు అంతకంటే ఎక్కువ తెలుసు. మెకంజీకి మన భాషలు ఏవీ చదవడం రాదు, చివరిదాకా రానేలేదు. మన లెక్కలో చెప్పాలంటే ఆయన మగ్గం ఎక్కని మాస్టర్ వీవర్. నూలు ఇప్పిస్తాడు, కూలి ఇస్తాడు, డిజైను చెప్తాడు, నేసేది వేరేవాళ్ళు. కాకపోతే మామూలు మాస్టర్ వీవరుకూ ఈయనకూ ఒక తేడా ఉంది, అది కింద చెప్తాము.

శ్రీరంగపట్నం పడిపోయినాక మైసూరు దేశమంతా కొలిచి పటం గీయమని కంపెనీ మెకంజీకి పని అప్పగించింది. 1800 నించి దాదాపు పదేళ్ళు పట్టింది. 40,000 చదరపు మైళ్ళ నేల. కొండా కోనా, జ్వరాలు, కంపెనీ చూస్తే ఖర్చు తగ్గించమని ఒకటే రాయడం. ఈయన కొలత గొలుసు పట్టుకుని పటం ఒక్కటే గీసి ఊరుకోలేదు. ఏ ఊళ్ళో ఏ కులం ఇళ్ళు ఎన్ని, చెరువులెన్ని, ఏం పండుతుంది, ఏ పనివాళ్ళున్నారు, అంతా రాయించినాడు. దానితోబాటు తన సొంత ఖర్చుతో ఇంకో పని మొదలుపెట్టినాడు. ప్రతి ఊళ్ళో గుడి ఎవరు కట్టినారు, ఊరు ఎవరు వేసినారు, చెరువు ఎవరు తవ్వించినారు, మాన్యం ఎవరిచ్చినారు, ఏ దొరతనంలో ఎంత పన్ను కట్టినారు, ఏ రాయి మీద ఏం చెక్కి ఉంది, ఇవన్నీ ఆ ఊరి కరణం చేత, పూజారి చేత, పెద్దమనుషుల చేత చెప్పించి రాయించడం. వీటినే కైఫీయతులు అంటారు. ఊరి కరణాల ఇళ్ళల్లో తరాలుగా రాసిపెట్టుకున్న కవిలెలు ఉండేవి. వాటిలో నించి ఎత్తి రాసినవి కొన్ని, నోటితో చెప్తే రాసుకున్నవి కొన్ని.

ఈ పని ఎంత కష్టమో సొసైటీ నడిపినవాళ్ళకు తెలుస్తుంది. సర్కారు మనిషి పుస్తకం పట్టుకుని ఊళ్ళోకి వస్తే ఎవరైనా నిజం చెప్తారా? మగ్గాల సెన్సస్ వచ్చినప్పుడు చూసినాము కదా. రేషను తీసేస్తారేమో అని కొందరు మగ్గం లేదంటారు, లోను వస్తుందేమో అని కొందరు లేని మగ్గం ఉందంటారు. అప్పుడూ అంతే. పన్ను పెంచడానికి వచ్చినారని కరణాలు కవిలెలు దాచిపెట్టేవాళ్ళు. మాన్యం పోతుందని పూజారులు శాసనం చూపించేవాళ్ళు కాదు. బొర్రయ్య, ఆయన తరువాతివాళ్ళు ముందుగా ఆ ఊరి పెద్దను కలిసి, నమ్మకం తెచ్చుకుని, రోజుల తరబడి కూర్చుని, ఆ తరువాతే కాగితం తీసేవాళ్ళు. దొర గుర్రం మీద పోతే దొరికేవి కావు ఇవి. మన భాష మాట్లాడే మనిషి అరుగు మీద కూర్చుంటే దొరికినాయి.

బొర్రయ్య శాసనాలు చదవడంలో దారి వేసినాడు. మైసూరు దేశంలో పాత కన్నడ లిపి రాళ్ళు అప్పటికి ఎవరికీ సరిగా పలికేవి కావు. ఆయన కూర్చుని అక్షరం అక్షరం పట్టుకుని పలికించినాడు. జైనుల గురించి ఆయన సేకరించిన సంగతులు తరువాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పుస్తకంలో అచ్చయినాయి. మెకంజీ తన పేరు ఒక్కటే వేసుకోలేదు, బొర్రయ్య తెచ్చిన సంగతులని చెప్పినాడు. మాస్టర్ వీవరుకూ ఈయనకూ తేడా అన్నది ఇదే. మన చీర షోరూముకు పోతే దాని మీద నేసినవాడి పేరు ఉంటుందా?

1803 జనవరిలో బొర్రయ్య చనిపోయినాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ వయసు. ఏడేళ్ళు పని చేసినాడు అంతే. మెకంజీ బాధపడి, చెన్నపట్నంలో సముద్రం ఒడ్డున ఆయనకు స్మారకం కట్టించినాడని బొర్రయ్య తమ్ముడు రామస్వామి రాసిపెట్టినాడు. కంపెనీ అధికారి తన దగ్గర పని చేసిన తెలుగువాడికి గుర్తు కట్టించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అన్న పోయినాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని ఎత్తుకున్నాడు. చెప్పాలంటే ఇప్పుడు మనకు దొరికే సంగ్రహంలో ఎక్కువ భాగం లక్ష్మయ్య నడిపించిందే. ఆయన చెన్నపట్నంలో ఉండి, నారాయణరావు, నిట్టల నయినయ్య, ఆనందరావు, శ్రీనివాసయ్య ఇట్లాంటి మనుషులను నాలుగు దిక్కులా పంపేవాడు. ధర్మయ్య అనే జైన పండితుడు కూడా వాళ్ళల్లో ఉన్నాడు. ఎవరు ఏ ఊళ్ళో ఎన్నాళ్ళు ఉన్నారు, ఏం దొరికింది, ఎవరు చూపించలేదు, దారి ఖర్చు ఎంత, అంతా వాళ్ళు రిపోర్టు రాసి పంపాలి. మేము ఇన్నేళ్ళుగా స్టాకు పుస్తకం, నూలు ఇచ్చిన పుస్తకం, కూలి పుస్తకం రాస్తున్నవాళ్ళం. ఎన్ని కట్టలు వచ్చినాయి అని కాదు, ఎవరి దగ్గర నించి ఏ రోజు వచ్చింది అని రాసి ఉంటేనే అది లెక్క. లక్ష్మయ్య ఆ లెక్క నడిపినాడు. అందుకే ఇప్పటికీ ఫలానా కైఫీయతు ఫలానా ఊరిదని చెప్పగలుగుతున్నారు. ఇంత గట్టిగా రిజిస్టరు నడిపిన సెక్రటరీ ఇంకొకరు మాకు కనబడలేదు.

తెలుగులోనే కాదు, కన్నడంలో, తమిళంలో, మోడి లిపిలో మరాఠీలో కూడా రాసినారు. ఒరియా గ్రంథాలు కూడా దొరికినాయి. మన సమాఖ్య ఏ ఏ రాష్ట్రాల్లో ఉందో ఇంచుమించు ఆ దేశాలన్నీ ఆ కట్టల్లో ఉన్నట్టే.

అమరావతి సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. కృష్ణ ఒడ్డున దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉండేది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త ఊరు కట్టించే రోజుల్లో ఆ దిబ్బ తవ్వితే చెక్కిన పాలరాళ్ళు బయటపడినాయి. జనం వాటిని ఇళ్ళకూ, మెట్లకూ వాడుకుంటున్నారు. ఆ కబురు విని మెకంజీ పోయి చూసినాడు. అది 1798 ప్రాంతం. మళ్ళీ 1816లో మనుషులను వెంటబెట్టుకుని పోయి ఒక్కొక్క రాయినీ బొమ్మ గీయించినాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తరువాత ఆ రాళ్ళు తలా ఒక దిక్కు అయిపోయినాయి. కొన్ని కలకత్తాకు, కొన్ని మద్రాసు మ్యూజియానికి, చాలా లండన్‌కు. కొన్ని సున్నం బట్టీల పాలైనాయి. పోయిన రాళ్ళు ఎట్లా ఉండేవో తెలుసుకోవాలంటే ఆయన గీయించిన బొమ్మే ఆధారం. ఆ రాళ్ళు తీసుకుపోయిన పాపంలో ఆయనకూ వాటా లేదని మేము అనము. దారి చూపించినవాడు ఆయనే. కాని సున్నంలో కాలిపోయిన రాయి కంటే కాగితం మీద మిగిలిన బొమ్మ మేలు కదా.

1811లో కంపెనీ సైన్యంతో జావాకు పోయినాడు. రెండేళ్ళు అక్కడ. ఆ వయసులో, యాభై ఎనిమిదో ఏట, అక్కడే పెట్రొనెల్లా బార్టెల్స్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. అక్కడ కూడా పుస్తకాలు, రాళ్ళు పోగు చేయడం మానలేదు. 1815లో హిందూదేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ చేసినారు. ఆ ఉద్యోగం మొదట చేసింది ఈయనే. 1817లో కలకత్తాకు మారవలసి వచ్చింది. లక్ష్మయ్య, ఇంకా కొందరు వెంట పోయినారు. కట్టలన్నీ ఓడల మీద పోయినాయి.

1816లో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు మెకంజీ పటం గీసినాడు. అందులో ఆయన ఎర్రకోటు వేసుకుని నిలబడి ఉంటాడు, పక్కన మన మనుషులు ముగ్గురు. ఒకరి చేతిలో తాటాకు పుస్తకం, ఒకరి చేతిలో దుర్భిణి. వెనుక దూరంగా గొమ్మటేశ్వర విగ్రహం. దొరలు పటం గీయించుకుంటే పక్కన కుక్కనో, గుర్రాన్నో పెట్టుకునే రోజులు అవి. ఈయన తనతో పని చేసినవాళ్ళను పెట్టుకున్నాడు. ఆ పటం కూడా లండన్‌లోనే ఉంది.

సంగ్రహం అంతా ఒకచోట కూర్చి, సూచిక తయారు చేసి, పుస్తకంగా వెయ్యాలని ఆయన కోరిక. తీరలేదు. ఊరికి తిరిగి పోవాలని కూడా ఉండి ఉంటుంది, అదీ తీరలేదు. స్టోర్నొవే వదిలినాక ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటి మొహం చూడలేదు. ఆరోగ్యం చెడిపోయి, 1821 మే 8న, గాలి మార్పు కోసం హుగ్లీ నది మీద పోతుండగా ప్రాణం పోయింది. కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో పూడ్చినారు.

ఆయన పోయేనాటికి పోగుపడింది ఎంతంటే, కావ్యాలు శాస్త్రాలు మొదలైన రాతపుస్తకాలు 1,568. ఊళ్ళ సంగతుల పుస్తకాలు 2,070. శాసనాల నకళ్ళు 8,076. బొమ్మలు 2,630. నాణాలు 6,218. విగ్రహాలు 106. ఇంకా పటాలు, అనువాదాలు ఉన్నాయి. ఇదంతా ఆయన ఎక్కువగా సొంత జీతంలో నించి పెట్టుకున్న ఖర్చు. కంపెనీ ఆయన భార్య దగ్గర ఈ మొత్తాన్నీ లక్ష రూపాయలకు, అంటే అప్పటి 10,000 పౌన్లకు కొనుక్కుంది.

కొన్నది గాని దాన్ని ఏం చేయాలో కంపెనీకి తెలియలేదు. విల్సన్ అనే పండితుడు కలకత్తాలో కూర్చుని 1828లో సూచిక వేసినాడు. ఆయనకు సంస్కృతం బాగా వచ్చు గాని మన దక్షిణాది భాషలు రావు, గుమాస్తాలు చెప్పింది రాసుకున్నాడు. ఆ తరువాత కట్టలు మూడు ముక్కలైనాయి. కొన్ని లండన్‌కు పోయినాయి, కొన్ని కలకత్తాలో ఆగినాయి, దక్షిణాది భాషలవి మద్రాసుకు వచ్చినాయి. ఇంటి సామాను పంపకాలు అయినట్టు అయిపోయింది.

ఇక్కడ లక్ష్మయ్య కథ మాకు మనసులో ముల్లులా ఉంటుంది. పాతికేళ్ళు ఈ పని నడిపినవాడు ఆయన. ఏ కట్ట ఎక్కడిదో, ఏ మాటకు అర్థం ఏమిటో తెలిసినవాడు లోకంలో ఆయన ఒక్కడే మిగిలినాడు. మిగిలిన పని తానే చేస్తానని, జీతం ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు. 1830ల్లో ఆ అర్జీ కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దాకా పోయింది. అక్కడి పెద్దలు మనిషి మంచివాడే, కష్టపడ్డవాడే అని ఒప్పుకుంటూనే, ఇట్లాంటి పనికి పై మనిషిగా ఉండే యోగ్యత ఒక నేటివుకు ఉండదని తేల్చినారు. సమాచారం తెచ్చిపెట్టడానికి పనికి వస్తాడు, దాన్ని విడమర్చి రాయడానికి పనికి రాడట. పని టేలర్ అనే పాదిరికి ఇచ్చినారు. ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి, చివరకు 1857 నించి 1862 లోపల మూడు సంపుటాల జాబితా వేసినాడు.

మెకంజీ బతికి ఉంటే ఈ మాట ఒప్పుకునేవాడు కాదని మా అభిప్రాయం. ఆయన పటంలో పక్కన నిలబెట్టుకున్న మనుషులను చూస్తే అట్లా అనిపిస్తుంది. ఈ జవాబు చదివినప్పుడు మాకు మన నేత పెద్దలు గుర్తుకు వస్తారు. జకార్డు అట్టలు కొట్టే చెయ్యి, అచ్చు కట్టే చెయ్యి, రంగు కలిపే చెయ్యి మనది. డిజైనరు అనే పేరు మాత్రం ఇంకొకరిది. ఒకసారి ఒక పెద్ద సంస్థ వాళ్ళు మా పక్క వీధిలో ఒక పెద్దాయన నేసిన అంచు ఫోటో తీసుకుపోయి పుస్తకం వేసినారు. పుస్తకంలో ఊరి పేరుంది, ఆయన పేరు లేదు. ఆయన పోయి పదేళ్ళు దాటింది.

లక్ష్మయ్య ఊరుకోలేదు. చెన్నపట్నంలో మనవాళ్ళను కూడగట్టి హిందూ లిటరరీ సొసైటీ పెట్టడానికి పాటుపడినాడు. తమ్ముడు రామస్వామి 1829లో దక్షిణదేశపు కవుల జీవితాలను ఇంగ్లీషులో పుస్తకంగా కలకత్తాలో అచ్చు వేసినాడు. మన కవుల గురించి ఇంగ్లీషులో ఒక తెలుగువాడు రాసిన పుస్తకం అంత పాతది ఇంకొకటి మేము వినలేదు. అందులో మొల్ల ఉంది, అవ్వయ్యారు ఉంది. కవి కాకపోయినా అన్న బొర్రయ్య జీవితం కూడా అందులో చేర్చినాడు. ఎవరూ రాయకపోతే ఇంటివాడే రాయాలి, రాసినాడు. బొర్రయ్య గురించి మనకు తెలిసినదాంట్లో చాలా మట్టుకు ఆ తమ్ముడు పెట్టిన భిక్షే.

మద్రాసుకు వచ్చిన కట్టలు గిడ్డంగిలో పురుగు పట్టి పోయేవే. సి.పి. బ్రౌన్ దొర చూసి, శిథిలమైపోతున్న కైఫీయతులకు మళ్ళీ మంచి కాగితం మీద శుద్ధప్రతులు రాయించినాడు. వాటిని లోకల్ రికార్డులు అంటారు. బ్రౌను పేరు తెలుగువాళ్ళందరికీ తెలుసు, వేమన పద్యాలు, నిఘంటువు అని చెప్తారు. ఈ పని మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆ రాతలన్నీ ఇప్పుడు చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో బ్రౌను బంగళా చోట వెలిసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్ళు కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చు వేసినారు. రాసి రెండు వందల ఏళ్ళు అయినాక మన చేతికి వచ్చినాయి.

కైఫీయతు చదవడం కొంచెం ఓపిక పని. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, పార్సీ మాటలు, పాత కొలతలు. చెప్పింది అంతా నిజమని కూడా అనుకోకూడదు. తమ గుడికి మాన్యం నిలవాలని రాయించిన కథలున్నాయి, తమ వంశం గొప్పదని చెప్పుకున్న కథలున్నాయి. అయినా ఏ కరువుకు ఎవరు ఊరు వదిలినారు, ఏ పాళెగాడి దోపిడీకి ఏ పేట పాడుపడింది, ఇట్లాంటివి తగులుతుంటాయి. మన పెద్దలు విజయనగరం రాజుల కాలంలో తెలుగుదేశం వదిలి వచ్చినామని చెప్తారు. ఎక్కడ నించి, ఏ దారిన, ఎందుకు అంటే ఇంటికో కథ. మా సొసైటీకి వస్తే, మా ముందువాళ్ళు రాసిన మొదటి ఇరవై ఏళ్ళ రిజిస్టర్లు చెదలు తినేసినాయి. మొదటి సభ్యుల పేర్లు కూడా చెప్పగలిగేవాళ్ళు ఇద్దరే మిగిలినారు, ఇద్దరికీ ఎనభై దాటింది.

2017లో ఆ స్టోర్నొవే ఊళ్ళో, కోటలో పెట్టిన దీవుల మ్యూజియంలో, మెకంజీ గురించి ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టినారు. లండన్ బ్రిటిష్ లైబ్రరీ, బ్రిటిష్ మ్యూజియంల నించి ఆయన పోగు చేసిన వస్తువులు కొన్ని తెప్పించి, ఆయన పుట్టిన ఊరి జనానికి చూపించినారు. ఆ మనిషి ప్రాణంతో తిరిగి పోలేని ఊరికి, ఆయన తీసుకుపోయిన మన వస్తువులు పోయినాయి. అక్కడి నేతగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, బడిపిల్లలు మన జైన విగ్రహాన్నీ, మన దేశపు బొమ్మలనూ చూసినారు. వాళ్ళ ఊరివాడు ఎంత దూరం పోయి ఏం చేసినాడో తెలుసుకున్నారు. అది వాళ్ళకు మర్యాద. ఏలూరులో బొర్రయ్యకు, లక్ష్మయ్యకు అట్లాంటి గది ఒకటి ఉంటే ఆ మర్యాద సగం మనకూ దక్కేది.

మా సొసైటీ ఆఫీసులో కడప కైఫీయతుల సంపుటం ఒకటి తెచ్చి పెట్టుకున్నాము. మా పిల్లలు తమిళం బళ్ళలో చదివినవాళ్ళు, తెలుగు మాట్లాడతారు గాని అక్షరం రాదు. ఆదివారం కూలి పంపకం అయినాక, తెలుగు అక్షరాలు వచ్చిన పెద్దలు ఒకరు నాలుగు పేజీలు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. పోయిన నెల ఒక ఊరి కైఫీయతులో చెరువు కట్ట తెగిన సంగతి వచ్చింది. వెనుక కూర్చున్న పాత సభ్యుడు ఒకాయన ఆపమని, ఆ ఊరి పేరు తమ అవ్వ నోట విన్నానని, పెళ్ళిళ్ళకు తాంబూలం ఎత్తేటప్పుడు ఆ ఊరి దేవర పేరు చెప్పి ఎత్తేదని అన్నాడు. ఆ ఊరు ఎక్కడుందో ఆయనకు తెలియదు. కాగితం మీద ఆ పేరు, ఆయన చెప్పిన మాట, తేదీ రాసి, కింద ఆయన చేత సంతకం పెట్టించి ఫైల్లో పెట్టినాము.